ఇంటర్నెట్‌కి మడి

హైమవతి వీణ మీద మొట్టమొదటి ఫిర్యాదు ఒక ఇంటర్నెట్ స్విచ్ తరఫున వచ్చింది.

అంతకు ముందు మనుషులెవరూ ఫిర్యాదు చేసిన పాపాన పోలేదు. రాజమండ్రిలో గోదావరి గట్టుకి నాలుగు వీధుల ఇవతల ఉంది గౌతమీ విహార్ అపార్ట్‌మెంట్. అందులో కింది అంతస్తు మొదటి ఫ్లాట్ ఆవిడది. కట్టిన ఏడాది నుంచీ రోజూ పొద్దున్నే వీణ వాయిస్తూనే ఉంది. పై ఫ్లాట్‌లో పరీక్షలకు చదివే పిల్లలు ఏమీ అనలేదు. ఎదురు ఫ్లాట్‌లో రాత్రి డ్యూటీ దిగివచ్చి పడుకునే రైల్వే గార్డు కూడా ఏమీ అనలేదు. పైగా ఆవిడ ఊరెళ్లిన రోజుల్లో నిద్ర పట్టడం లేదని గొణిగేవాడు. వీణ నేర్పడం ఆవిడ వృత్తి. ఊళ్లో పిల్లలు కొందరు ఇంటికొచ్చి నేర్చుకుంటారు. ఎక్కువమంది మాత్రం ఎక్కడెక్కడి ఊళ్లలోనో ఫోన్ ముందు కూర్చుని, ఇంటర్నెట్‌లో నేర్చుకుంటారు.

స్విచ్ సంగతి చెప్పాలంటే ముందు ఎస్.ఈ. గారి సంగతి చెప్పాలి.

ఆయన అసలు పేరు గంటి దక్షిణామూర్తి. నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆనాటి నుంచీ గౌతమీ విహార్ సంఘానికి అధ్యక్షులు. అందరూ ఆయన్ని ఎస్.ఈ. గారనే అంటారు. ఇంట్లో భార్య కూడా అంతే. మనిషి మంచివాడు. బిల్డింగ్‌లో నీళ్ల ట్యాంకు గొడవ వారం రోజుల్లో తీర్చినవాడు. ఆయనకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం సంగీతం వినడం. ఉద్యోగంలో ఉండగా తీరిక లేక వాయిదా వేసుకున్న సంగీతమంతా రిటైరయ్యాక వినాలని, మనిషంత ఎత్తు స్పీకర్లు రెండు కొనుక్కుని, ఇంటర్నెట్‌లోంచి పాటలు తెప్పించుకుని వినడం మొదలుపెట్టారు. అయితే ఒక చిక్కు వచ్చింది. చెవికి వినబడుతోంది గానీ మనసు కరగడం లేదు. కన్నీళ్లు వస్తాయని పెద్దవాళ్లు చెప్పగా విన్నారు. ఆయనకి ఆవలింతలు వస్తున్నాయి. లోపం విద్వాంసులది అయ్యుండదు, వాళ్లు మహానుభావులు. తనది అయ్యే అవకాశం అసలే లేదు, ఎందుకంటే ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఏ విచారణలోనూ లోపం ఆయనదని తేలలేదు. ఇక మిగిలింది మధ్యలో ఉన్న తీగ.

సరిగ్గా ఆ అదనులో హైదరాబాదు నుంచి తేజోమూర్తి దిగాడు. కార్డు మీద ‘శ్రవణ శాస్త్ర సలహాదారు’ అని ఉంది. స్పీకర్లు చూసి పెదవి విరిచాడు. గోడ మీద ఉన్న చిన్న ప్లాస్టిక్ పెట్టె చూసి అయ్యయ్యో అన్నాడు. బయటినుంచి వచ్చిన ఇంటర్నెట్ తీగని నాలుగు దారులుగా చీల్చి ఇంట్లో వస్తువులకి పంచే పెట్టె అది. దాన్నే స్విచ్ అంటారు.

“సార్, గంగాజలం తెప్పించుకుని మూకుడులో పోసుకుని తాగుతున్నారు మీరు,” అన్నాడు.

మూకుడు స్థానంలో అతను తెచ్చిన స్విచ్ నిగనిగలాడే లోహపు దిమ్మ. రుబ్బురోలంత బరువు. అది పెట్టి పాట వేశాక ఎస్.ఈ. గారు కళ్లు మూసుకుని, “ఆహా, తెర తొలగింది,” అన్నారు. భార్యకి ఏ తేడా తెలియలేదు. తేడా తెలియనివాళ్లకి తెలియదు అన్నదే ఆ శాస్త్రంలో మొదటి సూత్రమని తేజోమూర్తి ఓర్పుగా వివరించాడు.

వారం తిరిగేసరికి తెర మళ్లీ పడింది. ఆవలింతలు మళ్లీ వచ్చాయి. తేజోమూర్తి మళ్లీ వచ్చాడు. ఈసారి రోగం మూలం పట్టుకున్నాడు. గౌతమీ విహార్ మొత్తానికి వచ్చేది ఒకటే ఇంటర్నెట్ లైను. మెట్ల కింద ఉన్న పెట్టెలోంచి అది ఇంటింటికీ చీలుతుంది.

“మీ స్విచ్ శుద్ధమే సార్. కానీ మీ పాట ఏ తోవన వస్తోందో ఆలోచించారా? అదే తీగలో పైవాళ్ల సీరియల్ వస్తోంది. క్రికెట్ వస్తోంది. షేర్ల రేట్లు వస్తున్నాయి. పాపం తోడి రాగం వాటన్నిటినీ ఒరుసుకుంటూ రావాలి కదా!”

ఈ మాట ఇంకెవరికి చెప్పినా అర్థమయ్యేది కాదేమో. ఎస్.ఈ. గారికి క్షణంలో అర్థమైంది. ఆయన బతుకంతా కాలువల మీద గడిచింది మరి.

ఆ ఆదివారం సంఘం సర్వసభ్య సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం హైమవతి చివరి వరుసలో కూర్చుని వింది. ఆవిడ భర్త విశ్వపతి వేదిక మీద ఉన్నాడు. జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరరు, సంఘానికి జాయింట్ సెక్రటరీ, ఎవరినీ కాదనలేని మనిషి.

“సభ్యులారా!” అన్నారు ఎస్.ఈ. గారు. “ఇంటర్నెట్ అనగా ఏమి? కాలువ. మనమంతా ఏమి? ఆయకట్టు. ఎగువన ఉన్నవాళ్లు అడ్డమైన చెత్తా కాలువలో పారబోస్తే శివారు పొలానికి చేరేది నీరా, పూడికా? కనుక తక్షణం పూడికతీత చేపట్టాలి. ప్రవాహాన్ని వర్గీకరించాలి. వంతులవారీ విధానం ప్రవేశపెట్టాలి. రాష్ట్రంలోనే మొట్టమొదటి శుద్ధనాద అపార్ట్‌మెంట్‌గా గౌతమీ విహార్ చరిత్రకెక్కాలి!”

చరిత్రకెక్కితే ఫ్లాట్ల రేట్లు కూడా ఎక్కుతాయని వెనకనుంచి ఎవరో అన్నారు. దాంతో తీర్మానం ఏకగ్రీవమైంది. తేజోమూర్తి సాంకేతిక సలహాదారుగా, ఎస్.ఈ. గారు అధ్యక్షులుగా నాదశుద్ధి ఉపసంఘం ఏర్పడింది. కింది అంతస్తులో పుట్టినరోజులు చేసుకునే కమ్యూనిటీ హాలు శ్రవణ మందిరమైంది. బల్లమీద పట్టుగుడ్డ పరిచి స్విచ్‌ని ప్రతిష్ఠించారు. ఆ హాలుకీ హైమవతి ముందుగదికీ మధ్య ఒకటే గోడ.

ఉపసంఘం పని మొదలుపెట్టాక ఆగలేదు.

ముందు డేటాని మూడు తరగతులుగా విడగొట్టారు. సంగీతం మాగాణి. వార్తలు, పిల్లల పాఠాలు మెట్ట. సీరియళ్లు, క్రికెట్, నవ్వులాట వీడియోలు మురుగు. మాగాణి పారే వేళ మెట్టకి పరిమితంగా, మురుగుకి పూర్తిగా తూము మూసేస్తారు. మూడో అంతస్తు సుభద్ర లేచి, “మా అత్తగారు పొద్దున్నే భక్తి పాటలు చూస్తారండీ. అవి ఏ తరగతి?” అని అడిగింది. ఉపసంఘం అరగంట చర్చించింది. పాటలు మాగాణి అనీ, మధ్యలో వచ్చే ప్రకటనలు మురుగు అనీ తేల్చింది. ప్రకటన రాగానే అత్తగారు కట్టేసి, అయిపోగానే పెట్టుకోవాలి. ఎప్పుడు అయిపోయిందో కట్టేశాక ఎలా తెలుస్తుందని సుభద్ర అడిగింది. అది అమలుకు సంబంధించిన ప్రశ్న, విధానానికి సంబంధించింది కాదన్నారు ఎస్.ఈ. గారు.

తర్వాత కేబుళ్ల వంతు. కేబుల్ నేలకి ఆనితే నేలలోని జడత్వం పాటలోకి ఎక్కుతుందని తేజోమూర్తి కనిపెట్టాడు. దాంతో మెట్ల కింది పెట్టె నుంచి హాలు దాకా అడుగడుక్కీ ఒక పీట వేసి, కేబుల్‌ని పీటల మీదుగా నడిపించారు. భోజనాలకి పీటలు లేక రెండిళ్లలో శ్రాద్ధం రోజున బ్రాహ్మలు చాప మీద కూర్చున్నారు. రైల్వే గార్డు రాత్రి చీకట్లో వస్తూ మూడో పీట తన్నుకుని బొటనవేలు చితక్కొట్టుకున్నాడు. ఆయన కేబుల్‌కి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

స్విచ్‌ని ముట్టుకుంటే ఒంట్లో విద్యుత్తు దానికి సోకుతుందనీ, గుండె దడ దడలాడేవాళ్లు దగ్గరికి రాకూడదనీ ఇంకో నియమం వచ్చింది. తలస్నానం చేసి, చెప్పులు విడిచి, నూలుబట్ట కట్టుకున్నవాళ్లే హాల్లోకి రావాలి. నైలాన్ చీరలకి ప్రవేశం లేదు. ఎస్.ఈ. గారి తల్లి బతికుండగా వంటింట్లో ఎంత మడి పాటించేదో ఎరిగిన ముసలావిడ ఒకరు ఇది చూసి, “పోనీలే, ఆచారం మళ్లీ మొదలైంది,” అని సంతోషించింది.

మిక్సీ తిరిగితే కరెంటు కలుషితమవుతుంది కనుక చట్నీకి వేళలు నిర్ణయించారు. వేళ తప్పినవాళ్లు ఇడ్లీ కారప్పొడితో తిన్నారు.

ఇంత చేసినా ఎస్.ఈ. గారికి కన్నీళ్లు రాలేదు. ఆవలింతలు తగ్గాయి గానీ పోలేదు. ఒకరోజు పొద్దున్న తేజోమూర్తి స్విచ్ మీద గాజు గ్లాసుతో నీళ్లు పెట్టి, వంగి, చాలాసేపు చూశాడు. నీళ్లు సన్నగా వణికాయి. గోడ అవతల హైమవతి మంద్రస్థాయిలో మీటినప్పుడల్లా వణికాయి.

“దొరికింది సార్,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం విశ్వపతి కాలేజీ నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే భార్య ముందు ఒక కాగితం పెట్టాడు.

“ఏవిటండీ ఇది?”

“నోటీసు. జాయింట్ సెక్రటరీ హోదాలో ఇస్తున్నాను. మొగుడి హోదాలో అయితే నాకూ నచ్చలేదు.”

హైమవతి చదివింది. వీణావాదనం వల్ల స్విచ్ స్థిమితానికి భంగం కలుగుతున్నందున అపార్ట్‌మెంట్ ఆవరణలో వాద్యం వాయించడం నిషేధించడమైనది. ఇంటర్నెట్ ద్వారా వీణ నేర్పడం వలన శుద్ధప్రవాహానికి ఎదురు ప్రవాహం ఏర్పడుతున్నందున సదరు ఫ్లాట్ కనెక్షన్ నిలుపుదల చేయడమైనది.

“ఎదురు ప్రవాహం అంటే?”

“పాట కిందకి వస్తుంటే నువ్వు పైకి పంపిస్తున్నావుట.”

“సంతకం పెట్టింది మీరేనా?”

“పెట్టమన్నారు మరి,” అని విశ్వపతి లాల్చీ వెతుక్కునే నెపంతో లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. చీర మార్చుకుని తిన్నగా ఎస్.ఈ. గారింటికి వెళ్లింది. ఆయన మర్యాదగా కుర్చీ చూపించారు. భార్య చేత మజ్జిగ ఇప్పించారు.

“సంగీతం కోసం సంగీతం ఆపమంటున్నారు. ఇదేం న్యాయం సార్?” అని అడిగింది.

“అమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ మీది స్థానిక సంగీతం. మాది ప్రసార సంగీతం. ఇంటి వెనక నూతిలో నీళ్లు తియ్యగా ఉన్నాయని డెల్టా కాలువకి గండి కొట్టుకుంటామా చెప్పండి?”

“మీరెప్పుడైనా నా వీణ విన్నారా సార్?”

ఆయన నిజాయితీగా ఆలోచించారు. “విన్లేదమ్మా. ఆ టైముకి ఎప్పుడూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటాను.”

హైమవతి మజ్జిగ సగంలో వదిలేసి లేచి వచ్చింది.

వీణా ఇంటర్నెట్టూ రెండూ ఆగిపోయాక శిష్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. వాళ్ల తప్పు లేదు, ఎన్నాళ్లని ఎదురుచూస్తారు? ఒక్క నీలవేణి మాత్రం పోలేదు. పార్వతీపురంలో పోస్టాఫీసులో గుమాస్తా ఆ పిల్ల. తండ్రి పోయాక ఆ ఉద్యోగం వచ్చింది గానీ ప్రాణమంతా వీణ మీదే. డిప్లొమా పరీక్ష నెగ్గితే బడిలో సంగీతం టీచరుగా చేరొచ్చని మూడేళ్లుగా వేళ్లు కాయలు కాచేలా సాధన చేస్తోంది. పరీక్ష ముంచుకొస్తుంటే పాఠం ఆగిపోయింది. హైమవతి వీణకి గవిసెన తొడిగి గోడకి ఆనించింది. పొద్దున్నే లేచి ఏం చేయాలో తోచక గిన్నెలు రెండోసారి తోమేది. విశ్వపతి రెండు నెలల పాటు భార్య కళ్లలోకి చూడకుండా అన్నం తిన్నాడు.

శ్రవణ మందిరం ప్రారంభోత్సవం రానే వచ్చింది.

ముఖ్య అతిథి ఉప్పులూరి వీర్రాజు గారు. జిల్లా అపార్ట్‌మెంట్ సంఘాల సమాఖ్య అధ్యక్షులు. ఆయనకి నచ్చిందంటే జిల్లాలో ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒక స్విచ్ పడుతుంది. అందుకని తేజోమూర్తి పట్టుపంచె కట్టుకొచ్చాడు. ఆ ఉదయం కరెంటు మచ్చ కూడా ఉండకూడదని బిల్డింగ్ మొత్తానికి మెయిన్ ఆపేయించాడు. లిఫ్టు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, నీళ్ల మోటారు ఆగింది. హాల్లో స్పీకర్లకీ స్విచ్‌కీ మాత్రం కారు బ్యాటరీలు పెట్టారు. మెయిన్ ఆపితే మెట్ల కింద ఉన్న పెట్టె కూడా ఆగిపోతుందనీ, ఇంటర్నెట్ అసలు బిల్డింగ్‌లోకి వచ్చేది ఆ పెట్టెలోంచేననీ ఇంత శాస్త్రంలో ఎవరికీ తట్టలేదు.

అందర్నీ చాపల మీద కూర్చోబెట్టారు. ఫోన్లు బయట బుట్టలో వేయించారు. చూపు కూడా వినికిడిని కలుషితం చేస్తుంది కనుక అందరూ కళ్లు మూసుకోవాలన్నారు. తెర వెలుగు కూడా పనికిరాదని, పాట పెట్టే ట్యాబ్ మీద తేజోమూర్తి వేలు నొక్కి, దాన్ని బోర్లా తిప్పి పట్టుగుడ్డ కింద పెట్టి, తనూ కళ్లు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గోడ ఇవతల హైమవతి ఫోన్ మోగింది. ఇంటర్నెట్ లేదు గానీ మామూలు ఫోన్ మోగకుండా ఎవరాపుతారు? నీలవేణి.

“అమ్మా, పరీక్ష హాలు బయటున్నానమ్మా. కల్యాణిలో ఆ మూడో చోట మర్చిపోతన్నాను. నిద్ర కూడా పట్టలేదు. ఒక్కపాలి వాయించరా అమ్మా? ఫోన్లో ఇనేత్తాను.”

హైమవతి గోడవైపు చూసింది. గోడకి అవతల ప్రారంభోత్సవం. భర్త అక్కడే చాప మీద కూర్చుని ఉన్నాడు. నిషేధం మీద ఆయన సంతకమే ఉంది. పొయ్యి మీద కుక్కర్లో పప్పు ఉడుకుతోంది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత వీణ గవిసెన ఊడదీసింది. ఫోన్ స్పీకర్ పెట్టి దిండు మీద పడుకోబెట్టింది.

“విను తల్లీ. భయపడకు.”

గోడ అవతల ఏం జరిగిందో ఆవిడకి తర్వాత విశ్వపతి చెప్పాడు. మధ్య మధ్య నవ్వాపుకోలేక ఒకే సంగతి రెండు మూడు సార్లు చెప్పాల్సొచ్చింది.

కాసేపటికి హాల్లో కల్యాణి మొదలైందిట. పెద్దగా కాదు. ఎక్కడో లోపలినుంచి, రాతిలోంచి ఊరినట్టు. ముందు ఎవరో నిట్టూర్చారు. తర్వాత నిట్టూర్పులు కూడా ఆగిపోయాయి. విశ్వపతికి రెండో మీటు దగ్గరే తెలిసిపోయింది, ఇరవై రెండేళ్లుగా వింటున్న చెయ్యి అది. కళ్లు గట్టిగా మూసుకుని, రాముణ్ణి తల్చుకుంటూ కూర్చున్నాడు.

మధ్యలో వీణ ఆగింది. “అక్కడ కాదు, గాంధారం మీద కాస్త ఆగు. తొందరపడకు,” అంది ఒక ఆడగొంతు.

“విన్నారా?” అని తేజోమూర్తి పరవశంగా గుసగుసలాడాడుట. “రికార్డింగు గదిలో మాటలు! మామూలు స్విచ్‌లో ఇవి ఎప్పుడైనా వినబడ్డాయా?”

వీణ సాగింది. కుక్కర్ విజిల్ వేసింది.

“రికార్డింగు గది పక్కన వంటిల్లు,” అన్నాడు తేజోమూర్తి. ఈసారి ‘విన్నారా’ అని మాత్రం అడగలేదు.

వీర్రాజు గారు కళ్లు మూసుకునే ముక్కు ఎగబీల్చారు. “ఓరి బాబోయ్! ముద్దపప్పు వాసన కూడా వత్తందండి! ఇంగువ ఏసిన చారు కూడా ఉందండోయ్. ఏం మిషనండీ బాబూ ఇది!”

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అప్పటికి వీణ పైస్థాయికి వెళ్లింది. తను వాయించని రెండు నెలలూ కలిపి వాయించినట్టు వాయించింది హైమవతి. ఎదర స్విచ్ లేదు, నోటీసు లేదు. పార్వతీపురంలో గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్ల ఒక్కతే ఉంది. ముగించాక, “జయం తల్లీ. బొట్టు పెట్టుకుని లోపలికి వెళ్లు,” అంది.

హాల్లో నలుగురైదుగురు నుదురు తడుముకున్నారుట.

ఫోన్ పెట్టేశాక హైమవతికి ఒళ్లంతా తేలికైంది. వెంటనే కోపం కూడా వచ్చింది. దొంగతనం చేసినట్టు ఎందుకు కూర్చోవాలి తను? వాయించాను, ఏం చేస్తారో చేసుకోండి అని చెప్పేద్దామని చెప్పులు వేసుకోకుండా, వేళ్లకి తొడుక్కున్న వీణ మీట్లు కూడా తీయకుండా గబగబా వెళ్లి హాలు తలుపు తోసింది.

లోపల వీర్రాజు గారు మోకాళ్ల మీద లేచి, “ఇంకోపాలి ఎయ్యండి, ఇంకోపాలి!” అంటున్నారు. తేజోమూర్తి ట్యాబ్ తిప్పి చూసి, నొక్కుతున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. దానిమీద చిన్న చక్రం ఒకటి తిరుగుతూనే ఉంది. ఆ చక్రాన్ని చూసిన అతని మొహం పట్టుపంచె రంగుకి తిరిగింది. తలుపు దగ్గర హైమవతినీ, ఆవిడ వేళ్లనీ చూశాక అతను ట్యాబ్‌ని మెల్లిగా పట్టుగుడ్డ కింద దాచేశాడు. గదిలో ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. ఒక్కొక్కరే ఆవిడ వేళ్లు చూశారు.

హైమవతి నోట్లో మాటలు సిద్ధంగా ఉన్నాయి. రెండు నెలలుగా గిన్నెలు తోముతూ కూర్చుకున్న మాటలు. ఒక్కోటీ పదును పెట్టి ఉంచింది.

అప్పుడు ఎస్.ఈ. గారు కనబడ్డారు. అందరికంటే ముందు కూర్చుని ఉన్నారు. బుగ్గల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచినట్టు లేదు. ఆవిడ వేళ్లవైపు, గోడవైపు, స్విచ్‌వైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఎంతో కాలంగా ఎదురుచూసిన చుట్టం పెరటి తలుపున వస్తే ఎలా పలకరించాలో తెలియని మనిషిలా ఉన్నారు. పక్కనే జిల్లా సమాఖ్య అధ్యక్షులు. వెనక అపార్ట్‌మెంటంతా.

ఆవిడ పదును పెట్టుకున్న మాటలన్నీ మింగేసింది.

“గోడ చాలా మంచిదండీ,” అంది.

హాలంతా చెవులు రిక్కించింది.

“వీణ నాదే. కానీ ఇంత బాగా వినబడిందంటే అది గోడ గొప్పతనం. మధ్యలో ఉన్న చెడంతా ఆ గోడే పట్టేస్తోంది.”

ఎస్.ఈ. గారు ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నారు. లేచారు. గోడ దగ్గరికి వెళ్లి అరచేత్తో తట్టారు, బ్యారేజీ తనిఖీకి వెళ్లినప్పుడు తట్టినట్టు.

“వడపోత,” అన్నారు. “సహజ వడపోత! సిమెంటు, ఇసుక ఒకటికి ఆరు పాళ్లు. సందేహం లేదు. కనుక సభ్యులారా, స్విచ్ అనేది ప్రాథమిక దశ. గోడ అనేది తదుపరి దశ.”

“మరేనండి,” అన్నారు వీర్రాజు గారు. “మా అపార్ట్‌మెంట్‌కి కూడా ఇలాంటి గోడ ఒకటి సెప్పండి. గోడతో పాటు ఆయమ్మ కూడా వత్తారాండీ?”

తేజోమూర్తికి ప్రాణం లేచి వచ్చింది. గోడలు తను సరఫరా చేయగలనని అక్కడికక్కడే చెప్పాడు.

ఆ సాయంత్రమే ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఒక ధర్మసంకటం వచ్చిపడింది. వీణావాదనం మీద నిషేధం ఉంది. నిషేధం ఎత్తేస్తే ఉపసంఘం పొరపడినట్టు అవుతుంది, ఉపసంఘం పొరపడటానికి నియమావళిలో వీలు లేదు. ఎత్తకపోతే గోడకి పని లేదు. చివరికి విశ్వపతి, జన్మలో మొదటిసారి, చెయ్యెత్తి మాట్లాడాడు. నిషేధం వ్యక్తులకే గానీ పరికరాలకి కాదు కదా అన్నాడు. అందరూ ఆయన్ని కౌగిలించుకున్నారు.

తీర్మానం ఆయనే తెచ్చి భార్యకి చదివి వినిపించాడు. ఒకటో ఫ్లాట్ నివాసి శ్రీమతి హైమవతిని, ఆమె వీణతో సహా, గోడకి అనుబంధ పరికరంగా గుర్తించడమైనది.

“నన్ను పరికరం చేశారా?”

“కోప్పడకు. పరికరానికి ఇంటర్నెట్ లైను ఇరవై నాలుగ్గంటలూ ఉండాలని రూలు. ఎవరూ ఆపడానికి వీల్లేదు. ఎస్.ఈ. గారు కూడా.”

హైమవతి మొగుడి మొహంలోకి చూసింది. రెండు నెలల తర్వాత ఆయన కళ్లు దించుకోలేదు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఎదురు ఫ్లాట్‌లో రైల్వే గార్డు నిద్ర లేచి తలుపు తీసి చూసేంత నవ్వు.

పరికరం తన అవసరాలు కూడా చెప్పుకుంది. వాయించే ముందు వేడెక్కాలి గనుక కాఫీ కావాలంది. మధ్యలో చట్నీ వేళలంటే కుదరదంది. ఉపసంఘం అన్నిటికీ ఒప్పుకుంది. తేజోమూర్తి ఒకసారి వచ్చి, ఏ పరికరమైనా రెండు వందల గంటలు నడిస్తే గానీ గొంతు విచ్చుకోదు, ఓపిక పట్టాలన్నాడు. “ముప్ఫై ఏళ్లుగా నడుస్తోంది నాయనా,” అని ఆవిడ జవాబిచ్చింది. శిష్యులు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. నీలవేణి మొదటి తరగతిలో నెగ్గింది. ఫోన్లో విన్నది తప్పుల్లేకుండా వాయించిందట. ఆ ఫోన్‌కి ఏ స్విచ్ ఉందో కనుక్కోమని ఉపసంఘం విశ్వపతిని పురమాయించింది.

రోజూ పొద్దున్న గోడకి అవతల ఎస్.ఈ. గారు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మొదట్లో స్విచ్ పక్కన కూర్చునేవారు. తర్వాత తర్వాత కుర్చీ గోడవైపు జరిగింది. ఒకరోజు హైమవతి శ్రుతి చేసుకుంటుంటే తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఆయన. నూలు పంచె, చేతిలో మడిచిన ఉత్తరీయం.

“గోడకి చిన్న మరమ్మతు పడిందమ్మా,” అన్నారు ఎటో చూస్తూ. “పని పూర్తయ్యేదాకా తాత్కాలిక ప్రాతిపదికన... లోపల కూర్చోవచ్చా?”

గోడ నిక్షేపంలా ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“రండి సార్,” అని చాప పరిచింది.

ఆయన కళ్లు మూసుకోకుండా విన్నారు. ఆవిడ వేళ్లనే చూస్తూ విన్నారు. ముగిసేసరికి ఉత్తరీయం తడిసింది.

“ఎలా ఉంది సార్?”

ఎస్.ఈ. గారు చాలాసేపు గంభీరంగా ఆలోచించారు. అధికారికంగా అభిప్రాయం చెప్పాల్సిన సందర్భం మరి.

“నేరుగా వింటే కొంచెం తెర పడ్డట్టే ఉంటుందమ్మా,” అన్నారు. “అయినా సర్దుకుంటాను.”

గోడ మరమ్మతు ఇంకా జరుగుతూనే ఉంది. మేస్త్రీ మాత్రం ఇంతవరకూ రాలేదు.